పాత జట్టు మీద గోల్

మా ఆయన గోల్ కొడితే చావింటికి పలకరింపుకి వెళ్ళినవాడిలా ఉండేవాడు. జట్టులో మిగతావాళ్ళంతా వచ్చి మీద పడి దొర్లుతుంటే, ఈయన మాత్రం తల వంచుకుని, చేతులు రెండూ కిందికి వేలాడేసుకుని, ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాల్సినవాడిలా నడిచి మైదానం మధ్యకి వచ్చేసేవాడు. మొదటిసారి చూసినవాళ్ళు పాపం కాలు బెణికిందేమో అనుకునేవారు.

దీనికో ఆనవాయితీ ఉంది. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళలో కొంతమంది, ఒకప్పుడు తాము ఆడిన జట్టు మీద గోల్ కొడితే సంబరం చేసుకోరు. అది మర్యాదట. పెద్ద ఆటగాళ్ళకి పాత జట్టంటే ఒకటో రెండో ఉంటాయి కాబట్టి ఆ మర్యాద వాళ్ళకి బరువు కాదు. మా ఆయన సంగతి వేరు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు, దేశం కాని దేశంలో మమ్మల్ని ఊరూరా తిప్పినవాడు. ఏదో ఒక జట్టులో గోల్స్ కొట్టాల్సిన ఫార్వర్డ్‌కి మోకాలు దెబ్బతింటే ఈయన్ని పిలిచేవారు. ఆ మోకాలు బాగుపడగానే పంపించేసేవారు. అలా అక్కడి రెండో డివిజన్‌లో సగానికి పైగా జట్లు ఈయనకి పాత జట్లే అయ్యాయి. ఎవరి మీద గోల్ కొట్టినా అది ఒకప్పుడు మేము పాలు పోయించుకున్న ఊరే. ఇక సంబరం చేసుకునే యోగం ఎక్కడిది?

"చేసుకుంటే ఏం పోయిందండీ? వాళ్ళేమన్నా మీకు మేనమామలా?" అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు దేవుడు నన్నిచ్చి పూడ్చాడు.

ఆ సీజన్‌కి మేము కొత్త ఊళ్ళో దిగేసరికి ముసురు పట్టి ఉంది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల ఇల్లు. మంచం, బల్ల, చెంచాలు అన్నీ ఇంటివాళ్ళవే. వంటింటి తలుపు పక్కన గోడ మీద, మాకంటే ముందున్న ఆటగాడి పిల్లలు తమ ఎత్తు కొలుచుకున్న పెన్సిల్ గీతలు ఉన్నాయి. మా అమ్మాయి వాటి పక్కన నిలబడి, "నేను వీళ్ళకంటే పొడుగే," అంది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. మర్నాడు బడికి తీసుకెళ్తుంటే గేటు ముందు ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడ ఎన్నాళ్ళుంటాం?"

"ఎందుకే?"

"చెబితే దాన్ని బట్టి స్నేహం చేస్తాను."

అది ఏడుస్తూ అనలేదు. గొడుగు తీసుకెళ్ళనా వద్దా అని అడిగినట్టు అడిగింది. "ముందు లోపలికి నడు, టీచరు చూస్తోంది," అని కసిరి పంపాను.

అదేం అదృష్టమో గానీ, వద్దనుకున్నా ఆ ఊళ్ళో దానికి స్నేహం కుదిరిపోయింది. ముందు పళ్ళ మధ్య వేలు పట్టేంత సందున్న పిల్ల ఒకతి మొదటిరోజే దీని పక్కన కూర్చుని, దీని రబ్బరు తీసుకుని కొరికి, మళ్ళీ ఇచ్చేసిందట. అంతే, ఇక విడదీయడం ఎవరి తరం కాలేదు. పళ్ళసందు పిల్ల మా ఇంట్లో అన్నం తినేది, మాది వాళ్ళింట్లో స్నానం చేసి వచ్చేది.

నాకూ ఒక చోటు దొరికింది. మా వీధి చివర పరదాలు కుట్టే కొట్టు ఉండేది. కిటికీ పరదా పొట్టిదైతే పొడుగు చేయించడానికి వెళ్ళి, అక్కడి ముసలావిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే, చూడలేక నేనే ఎక్కించాను. "కుట్టు వచ్చా?" అంది. "మా అమ్మ నడక కంటే ముందు అదే నేర్పింది," అన్నాను. మర్నాటి నుంచి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. పెళ్ళయినప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా నేను ఫలానా ఆటగాడి భార్యనే. ఆ కొట్టులో మాత్రం, "అంచు సన్నగా మడిచి కుట్టే ఆవిడ లేదా?" అని నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. చలికాలం నడిమికి వచ్చేసరికి ముసలావిడ కొట్టు తాళంచెవి నా చేతిలో పెట్టి, "నా కళ్ళ పని అయిపోవచ్చింది. నువ్వుంటానంటే ఈ కొట్టు నీ చేతికే వదిలేస్తాను," అంది. ఉంటాననడానికి నేనెవరు? మా ఆయన మోకాలూ, ఇంకొకడి మోకాలూ కలిసి తేల్చాల్సిన విషయం అది.

అయినా ఆశ పుట్టింది. పుట్టాక ఊరుకుంటుందా? వంట చేస్తున్నా, బట్టలారేస్తున్నా ఒకటే మాట: ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు.

ఇక ఈయన ఆట. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, పరుగు తగ్గింది, కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే వెళ్ళి నిలబడే గుణం మాత్రం పోలేదు. చలికాలంలో గోల్స్ బాగానే కొట్టాడు. ఖర్మేమిటంటే అన్నీ పాత జట్ల మీదే. కొట్టినప్పుడల్లా అదే చావింటి మొహం. మొదట్లో ఆ ఊరివాళ్ళు ఓర్చుకున్నారు. తర్వాత గ్యాలరీలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు మా వెనక వరసలో కూర్చున్నాయన పక్కవాడితో అంటున్నాడు: "వీడికి మన జట్టంటే ఇష్టం లేదయ్యా. ఇంకో చోటికి పోవడానికి బ్యాగు సర్దుకునే ఉన్నాడు." నేను గిర్రున వెనక్కి తిరిగి, "మా బ్యాగులు అటక మీదున్నాయి, వచ్చి చూసుకోండి," అన్నాను. ఆయన టోపీ కిందికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా అమ్మాయి కంచంలో వేలు తిప్పుతూ కూర్చుంది.

"నాన్నా, నీకు గోల్ కొడితే సంతోషం ఉండదా?"

"ఎందుకుండదమ్మా?"

"మరి దిగులుగా ఉంటావెందుకు? పళ్ళసందుది అడిగింది, మీ నాన్నకి మా ఊరంటే ఇష్టం లేదా అని. క్లాసులో అబ్బాయిలు నీలాగా నడిచి చూపిస్తున్నారు." లేచి, తల వేలాడేసి, గదంతా కాళ్ళీడ్చుకుంటూ నడిచి చూపించింది. అచ్చం ఆయనే. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు గానీ, ఆ తర్వాత ముద్ద దిగలేదు.

"అది కాదు తల్లీ. ఆ జట్టు మనం ఒకప్పుడు ఉన్న ఊరిది. ఆ ఊరివాళ్ళు మనల్ని చూసుకున్నారు. వాళ్ళు ఓడిపోతుంటే వాళ్ళ ముందే గెంతితే బాగుండదు."

"అయితే ఇప్పుడున్న ఊరివాళ్ళకి బాగుండక్కర్లేదా?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

చలి తగ్గి చెట్లు చిగురు వేసేవేళకి మా జట్టు పట్టికలో అడుగున ఉంది. సీజన్ అయ్యేసరికి అడుగున ఉన్న జట్టు కింది డివిజన్‌కి పడిపోతుంది. పడిపోతే సగంమంది ఆటగాళ్ళకి పని ఉండదు. ఆఖరి మ్యాచ్ మా ఊళ్ళోనే. ఎదుటి జట్టు మాకంటే ఒక్క మెట్టు పైనుంది. మేము గెలిస్తే వాళ్ళు పడతారు. గెలవకపోతే మేము పడతాం. ఆ జట్టు ఎవరిదని! మా అమ్మాయి పుట్టిన ఊరిది. మేము ఇంట్లో చలి ఊరు అని చెప్పుకునే ఊరు.

ఆ మ్యాచ్‌కి వారం ముందు టైల్సాయన మా కొట్టుకొచ్చాడు. ఊళ్ళో పెద్ద టైల్స్ దుకాణం ఆయనది, క్లబ్బూ ఆయనదే. షోరూముకి పరదాలు కావాలని కొలతలు చెప్పి, గుడ్డలు తిరగేసి, చివరికి నా మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ ఆయన మంచివాడమ్మా," అన్నాడు.

మంచివాడమ్మా అని మొదలుపెట్టిన మాట ఎప్పుడూ మంచిగా ముగియదు. నేను కాలు మిషను మీంచి తీశాను.

"ఇంకో రెండేళ్ళు ఆడించి, తర్వాత పిల్లల జట్టుకి కోచ్‌గా పెట్టుకోవాలని నాకుంది. కానీ నా గ్యాలరీ ఒప్పుకోవాలి కదా. వారమంతా చాకిరీ చేసి, ఒక్కపూట సంతోషం కోసం వస్తారు వాళ్ళు. పెళ్ళికి పిలిస్తే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చున్నవాణ్ణి ఎవరిష్టపడతారు చెప్పు? ఆఖరి మ్యాచ్‌లో గోల్ కొట్టి, ఒక్కసారి గ్యాలరీ వైపు పరిగెత్తి చేతులెత్తమను. మేము మీవాళ్ళం అనిపించమను. మర్నాడే కొత్త కాంట్రాక్టు. నేను చెప్పినా వినడు, నువ్వు చెబితే వింటాడు."

"నేను చెబితే వినేవాడైతే ఈపాటికి మేము సొంతింట్లో ఉండేవాళ్ళం," అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. నా మనసు మాత్రం నవ్వు దగ్గర లేదు. ఉండొచ్చు! చేతులెత్తితే చాలు, ఉండిపోవచ్చు! దేవుడా, ఇంత తేలికైన పని ఇంతవరకూ ఎవరైనా అడిగారా మమ్మల్ని?

ఇంటికి పరిగెత్తాను. ఆయన వంటింటి సింకు దగ్గర నిలబడి, పాత పళ్ళ బ్రష్షుతో బూట్ల అడుగున మట్టి తోముకుంటున్నాడు. ఆ పని ఎవరికీ అప్పజెప్పడు. నేను అంతా చెప్పాను. విన్నాడు. బూటు తిప్పి రెండోవైపు తోమడం మొదలుపెట్టాడు.

"గోడకి చెప్పానా నేను?"

"విన్నానే."

"మరి?"

"మిగతావాళ్ళ మీదైతే ఎలాగో కళ్ళు మూసుకునేవాణ్ణి. చలి ఊరి మీద ఎలా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటావా?"

నాకు ఒళ్ళు మండింది. "ఏం తిన్నాం ఆ ఇంట్లో? వాసాలట! కప్పులోంచి మంచునీళ్ళు పక్క మీద పడేవి. పచ్చి బాలింతని, పిల్లకి మెడ కూడా నిలవలేదు, కాంట్రాక్టు రద్దయింది ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. సామాను వరండాలో పెట్టించారు. అవన్నీ మర్చిపోయారా?"

"ఖాళీ చెయ్యమంది క్లబ్బు. వాడు కాదు."

వాడంటే నేను తాటిచెట్టు అని పేరుపెట్టిన గోల్‌కీపర్. అప్పట్లో మా పక్క వాటాలో ఉండేవాడు. నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చినప్పుడు ఈయన వేరే ఊళ్ళో మ్యాచ్‌లో ఉన్నాడు. బయట మంచు తుఫాను. లిఫ్టు పనిచెయ్యడం లేదు. చెయ్యి విరిగి కట్టుతో ఇంట్లో ఉన్న ఆ మనిషి, ఆ కట్టుతోనే నన్నెత్తుకుని మెట్లన్నీ దిగి, కారులో పడుకోబెట్టి, ఒంటిచేత్తో నడుపుకుంటూ ఆసుపత్రికి చేర్చాడు. పిల్ల బతకడానికి ఆ తొందరే కారణమని డాక్టరు చెప్పింది. ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోవడానికి ఆయనకి ఆ సీజనంతా పట్టింది.

"ఆయన వేరు, ఆ క్లబ్బు వేరు," అన్నాను, గొంతు కొంచెం తగ్గించి.

"గోల్ కొట్టేది క్లబ్బు మీద కాదే. వల ముందు నిలబడ్డవాడి మీద. ఇంకా వాడే నిలబడుతున్నాడక్కడ. మనం గెలిస్తే వాళ్ళు పడిపోతారు. వాడికి నాకంటే రెండేళ్ళెక్కువ, ఇంకెవరూ తీసుకోరు. కొట్టక తప్పదు, అది నా పని, కొడతాను. కొట్టి, వాడు వల్లోంచి బంతి తీసుకుంటుంటే వాడి ముందు గెంతమంటావా?"

వాదించడానికి నా దగ్గర మాటలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. కానీ ఆ పూట వాదించబుద్ధి కాలేదు. కుర్చీలో కూలబడ్డాను.

"ఏవండీ, పెళ్ళయినప్పటి నుంచి మిమ్మల్ని నేను చీర అడిగాను, సినిమా అడిగాను, పుట్టింటికి పంపమని అడిగాను. ఒక ఊళ్ళో ఉందామని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నాకిక్కడ ఉండాలనుంది. దానికీ ఉండాలనుంది. ఇంకో బడి గేటు ముందు దాన్ని నిలబెట్టే ఓపిక నాకు లేదు."

బ్రష్షు ఆగింది. చాలాసేపు కుళాయి నీళ్ళు బూటు మీద పడుతూనే ఉన్నాయి.

"సరే, ఎత్తుతాను," అన్నాడు.

మా అమ్మాయి గదిలోంచి దూసుకొచ్చింది. తలుపు వెనక నిలబడి అంతా విన్నట్టుంది. "నాన్నకి రాదమ్మా, నేర్పించాలి!" అని తీర్మానించేసింది.

ఆ ఆదివారం మా హాల్లో శిక్షణ. బల్ల గోడకి జరిపించింది. మూలన చీపురు నిలబెట్టి, అది కార్నర్ జెండా అంది. నేను సోఫాలో కూర్చుని గ్యాలరీ. పళ్ళసందు పిల్ల రిఫరీ, నోట్లో ఈల. దిండు తన్ని, గోల్ అనుకుని, పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద జారి చేతులెత్తాలి.

"నాన్నా, నవ్వాలి!"

"నవ్వుతున్నానుగా."

"అది పన్ను పీకించుకునేవాళ్ళ నవ్వు. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ పరిగెత్తాడు. చేతులు జోరుగా పైకెత్తేసరికి పై దీపం గాజుచిప్ప తగిలి ఊడి సోఫాలో పడింది. గ్యాలరీ లేచి పారిపోయింది. పిల్లలిద్దరూ నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. ఆయనా వాళ్ళ పక్కనే పడుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో నాకు. మేము ఇక ఈ ఊరివాళ్ళమే అని ఆ పూట నిశ్చయంగా అనుకున్నాను. కొట్టు బోర్డు ఏ రంగులో రాయించాలో కూడా ఆలోచించాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు పెట్టినట్టు.

మ్యాచ్ నాడు ఊరంతా స్టేడియంలోనే ఉంది. ఆటగాళ్ళ కుటుంబాలకి ఒక పక్కన వేరే వరసలుంటాయి, రెండు జట్లవాళ్ళకీ కలిపే. నేనూ మా అమ్మాయీ వెళ్ళి కూర్చునేసరికి, పక్క కుర్చీలోంచి ఎవరో నా మెడ వాటేసుకున్నారు. తాటిచెట్టు భార్య. జుట్టు నెరిసింది. మా అమ్మాయిని చూసి రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి, "ఇంతే ఉండేది! చెప్పుల పెట్టెలో పట్టేది!" అని, దాని బుగ్గలు పట్టుకుని వదల్లేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి మూత నాకిచ్చింది. "ఎవరు గెలిచినా మనం మాట్లాడుకోవడం మానకూడదు," అంది. నేను అందుకోబోతే టీ సగం ఒళ్ళో ఒలికింది.

ఆట గురించి చెప్పడానికేం లేదు. భయపడే జట్లు రెండు ఆడితే అది ఆటలా ఉండదు. బంతి గాల్లోకి పోతుంది, అవతలికి పోతుంది, మనుషులు కింద పడతారు. మా ఆయన రెండుసార్లు కొట్టాడు, తాటిచెట్టు రెండుసార్లూ ఆపాడు. ఒకసారి ఆపాక ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముచ్చట్లాడే వేళా అది?

ఆట అయిపోవచ్చింది. గోల్ లేదు. అంటే మేము పడిపోతున్నాం. గ్యాలరీ అంతా నిలబడి ఉంది. మా పక్క మూల నుంచి మావాళ్ళు కార్నర్ కొట్టారు. గోల్ ముందు పదిపదిహేనుమంది తోసుకుంటున్నారు. తాటిచెట్టు అందరికంటే ఎత్తుకి లేచి పిడికిలితో బంతిని గుద్దాడు. ఎవరి తలకో తగిలి అది వెనక్కొచ్చింది. అది అక్కడికే వస్తుందని తెలిసినట్టు మా ఆయన అక్కడున్నాడు. తన్నలేదు కూడా, మోకాలు పెట్టాడంతే. బంతి మెల్లగా, అంత మెల్లగా నేను ఏ గోల్ పోవడం చూడలేదు, తాటిచెట్టు చాచిన చేతికి అందకుండా లోపలికి దొర్లింది.

నేను అరిచిన అరుపు నాకే తెలీదు. రెండు చేతులూ పైకెత్తి గెంతుతున్నాను. మా అమ్మాయి కుర్చీ ఎక్కి, "నాన్నా! ఎత్తు! ఎత్తు!" అని గొంతు చించుకుంటోంది. ఆయన మా వైపు తిరిగాడు. పరుగు మొదలుపెట్టాడు. నిజంగానే పరిగెత్తాడు, మాట తప్పే మనిషి కాదు. చేతులు నడుము దాటి పైకొచ్చాయి కూడా.

అప్పుడు నా పక్కన ఆవిడ కూర్చోవడం చూశాను. అందరూ నిలబడి ఉంటే ఆమె ఒక్కతే కూర్చుంది. మొహం కప్పుకోలేదు, ఏడవలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తోంది. అది సరిగ్గా పడటం లేదు, మళ్ళీ తీసి మళ్ళీ బిగిస్తోంది.

నా చేతులు దిగిపోయాయి. నేను దించలేదు.

మళ్ళీ మైదానం వైపు చూసేసరికి ఆయన ఆగిపోయి ఉన్నాడు. వెనక్కి తిరిగి గోల్ వైపు నడుస్తున్నాడు. మా జట్టువాళ్ళు మీద పడబోతే తప్పించుకుని వెళ్ళి, ఇంకా బోర్లా పడి ఉన్న తాటిచెట్టుకి చెయ్యందించాడు. ఆ మనిషి కాసేపు ఆ చేతి వంకే చూశాడు. తర్వాత పట్టుకుని లేచాడు.

మా అమ్మాయి కుర్చీ దిగింది. "చెప్పి మానేశాడు," అంది.

మేము గెలిచాం. ఊళ్ళో ఆ సాయంత్రమంతా కార్ల హారన్లే. టైల్సాయన మైదానంలోకి దిగి కనిపించినవాణ్ణల్లా కావిలించుకున్నాడు, మా ఆయన్ని కూడా. అమ్మయ్య అనుకున్నాను. జట్టుని నిలబెట్టిన గోల్ కొట్టినవాణ్ణి ఎలా పంపిస్తారు?

మా అమ్మాయి మాత్రం తండ్రితో మాటలు మానేసింది. ఏం కావాలన్నా నా ద్వారానే. "అమ్మా, ఆయన చెప్పులు దారికి అడ్డమొస్తున్నాయని చెప్పు." "అమ్మా, పాలు పొంగుతున్నాయి, పొయ్యి దగ్గరున్నది ఆయనే అని చెప్పు." ఆయన ఎంత బతిమాలినా పలకలేదు. ముక్కు మీద కోపం, ఎవరి పోలికో వేరే చెప్పాలా?

ఒకరోజు పొద్దున్నే ఆయన్ని క్లబ్బుకి పిలిచారు. నేను కొట్టులో ఒకరి పడగ్గది పరదాకి అంచు కుడుతున్నాను. తలెత్తేసరికి అద్దం అవతల నిలబడి ఉన్నాడు. కొట్టుకి ఎప్పుడూ వచ్చేవాడు కాదు. లోపలికి రాకుండా అక్కడే నిలబడటం చూస్తే అర్థమైపోయింది.

"రండి లోపలికి, వీధిలో ఏం నిలబడతారు?" అన్నాను.

వచ్చాడు. ముసలావిడ స్టూలు జరిపి, మెల్లగా వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

"వద్దన్నారే."

"ఏమన్నారు?"

"వయసన్నారు. కుర్రవాణ్ణెవరినో తీసుకున్నారట."

"చేతుల సంగతో?"

"ఆ ఊసే రాలేదు."

ఎత్తి ఉంటే ఉంచేవాడేమో. ఎత్తినా ఆ వయసు మాటే చెప్పేవాడేమో. టైల్సాయనకైనా తెలుసో లేదో. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిషను తొక్కాను. అంచు వంకరపోయింది, విప్పి మళ్ళీ కుట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని నా కాళ్ళ వంక చూస్తున్నాడు.

"తిట్టవేమే?" అన్నాడు చివరికి. పాపం, భయపడ్డట్టున్నాడు.

"ఏమని తిట్టను? నా చేతులు మీకంటే ముందే దిగిపోయాయి," అని పక్క కుర్చీలో జరిగింది చెప్పాను. ఆయన పరదా రెండో చివర అందుకుని, నేల మీద పడి మాసిపోకుండా, కుట్టడం అయ్యేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే ఇంకో జట్టు పిలిచింది. అదే డివిజన్. ఈయన ఇంతవరకూ ఆడని అరుదైన జట్లలో ఒకటి. వాళ్ళ ఫార్వర్డ్ మోకాలికి ఆపరేషనట. తాళంచెవి ముసలావిడకిచ్చేశాను. ఆవిడ పుచ్చుకోకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుంటే, బల్ల మీద పెట్టి వచ్చేశాను. బ్యాగులు అటక దిగాయి.

బయల్దేరిన పొద్దున పళ్ళసందు పిల్ల వచ్చింది. ఇద్దరూ ఏడుస్తారని నేను కొంగు సిద్ధం చేసుకుంటే, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒక బిస్కెట్టు కోసం పోట్లాడుకున్నారు. కారు కదిలాక మాత్రం ఆ పిల్ల వీధి చివరిదాకా పక్కనే పరిగెత్తింది. ఆ తర్వాత ఆగిపోయింది. మా అమ్మాయి వెనక అద్దానికి ముక్కు ఆనించి, ఆ పిల్ల కనపడకుండా పోయేదాకా అలాగే ఉంది. తర్వాత సీట్లో సర్దుకుని కూర్చుంది. ఊరు దాటింది.

"నాన్నా," అంది.

ఆ మ్యాచ్ తర్వాత నేరుగా ఆయన్ని పిలవడం అదే మొదటిసారి. కారు కొంచెం నెమ్మదించింది.

"చెప్పు తల్లీ."

"వచ్చే ఏడు ఈ ఊరితో ఆడటానికి వస్తావుగా?"

"వస్తాను. అందరితోనూ ఆడాలిగా."

"గోల్ కొడతావా?"

"పడితే కొడతాను."

ముందు సీటు మీదికి వంగి, ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

"కొడితే చేతులెత్తకు."

ఆయన అద్దంలో దాన్ని చూశాడు.

"ఎత్తనమ్మా."

"ఎత్తి చూడమను," అన్నాను నేను. "ఇంట్లోకి రానిస్తే అడుగు."